రాయలేకపోయిన రెండో వార్త

ఆ శుక్రవారం డమ్మీ బులెటిన్ మధ్యలో గౌరి అంత గట్టిగా నవ్వకపోయి ఉంటే, హరిచరణ్ బతుకు నిమ్మకు నీరెత్తినట్టు సాగిపోయేది.

డమ్మీ బులెటిన్ అంటే మరేం లేదు. శ్రీకాకుళం దగ్గర యూనివర్సిటీలో ఎమ్మే జర్నలిజం చదివే పిల్లలు వారానికోసారి డిపార్టుమెంటు స్టూడియోలో కూర్చుని ఉత్తుత్తి వార్తలు చదవాలి. మనుషులు ఉత్తుత్తి, సంగతులు ఉత్తుత్తి, చదివే తీరు మాత్రం అచ్చం నిజం. ముందూ వెనకా 'ఇది అభ్యాస బులెటిన్' అని చెప్పి తీరాలి. అది విశాలి మేడమ్ పెట్టిన రూలు. ఆ మాట మరిచినవాడికి సున్నా మార్కులు.

హరిచరణ్‌ది విజయనగరం. తండ్రి గుళ్ళో కీర్తనలు పాడతాడు. ఆయన గొంతు కొడుక్కి పూర్తిగా వచ్చింది గానీ ధైర్యం చిటికెడు కూడా రాలేదు. మైకు ముందు పులి, మనిషి ముందు పిల్లి. కుక్కంటే భయం, లిఫ్టంటే భయం, ఎవర్నైనా ఒక ప్రశ్న అడగాలంటే మరీ భయం. అడగడం చేతకానివాడు జర్నలిజంలో ఎందుకు చేరాడయ్యా అంటే, రేడియోలో చదివేవాణ్ణి ఎవరూ చూడరు కదా, అందుకు.

"కళింగపట్నం తీరంలో తెరచాపలు గాలికి రెపరెపలాడుతుండగా, అలలపై నాట్యమాడే తమ నావలలో మత్స్యకారులు..." అని తన్మయంగా చదువుతున్నాడు హరి.

అద్దం అవతల నుంచి పకపకా నవ్వు వినబడింది.

"ఏటి బాబూ, తెరసాపలా? సముద్రాన్ని ఎక్కడ సూసినావు, కేలండర్లోనా?"

గౌరిది కళింగపట్నం పక్కన సముద్రపు ఒడ్డు పేట. తండ్రి లక్ష్ముడు, అన్న ఈశ్వర్ బోటు మీద వేటకెళ్తారు. తల్లి అమ్మడు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంది. సముద్రం గురించి ఎవడో తప్పు వాగితే ఊరుకునే పిల్ల కాదు.

"మా పేటలో తెరసాప సూసి ఎన్నాళ్ళయిందో మా నాయనమ్మనడగాల. ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లు, ఇంజన్లు. అవి నాట్యం సెయ్యవు. కెరటం కొట్టిందంటే పక్కటెముకలు ఇరుగుతాయి" అంది.

క్లాసు క్లాసంతా నవ్వింది. విశాలి మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. హరిచరణ్ చెవులు మిరపపళ్ళయ్యాయి.

తప్పు దిద్దుకోవాలంటే ఆ పిల్లనే అడగాలి. అడగడమంటేనే కదా వచ్చిన చిక్కు! శనాదివారాలు రెండూ రిహార్సల్‌తోనే గడిచాయి. సోమవారం కేంటీన్ రేకుల మీద వాన దంచుతుంటే, గౌరి కూర్చున్న బల్ల దాకా వెళ్ళాడు, వెనక్కొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు.

"ఒరే రేడియో, ఇటు రా! రెండుసార్లు తిరిగినావు. టీ కావాలా, నాతో పనా?"

"సముద్రం కావాలి" అనేశాడు కంగారులో.

గౌరి గ్లాసు దించి విరగబడి నవ్వింది. "పార్సిల్ కట్టించమంటావా?"

అలా మొదలైంది పాఠం. రోజూ సాయంత్రం కేంటీన్‌లో అరగంట. ఆమె చెప్పడం, అతను నోట్‌బుక్‌లో రాసుకోవడం. గాలి ఎటు మళ్ళితే ఒడ్డుకు తిరగాలో, వల బరువు చేతికి ఎలా తెలుస్తుందో, తీరం కనబడనంత దూరం పోయాక ఫోన్లు ఎందుకు పలకవో, అన్నీ చెప్పేది. మధ్యలో అతని స్పెల్లింగులు చూసి వెక్కిరించేది. 

"మరి మీ నాన్నగారు వెళ్ళేప్పుడు, ఎప్పుడొస్తారని అడుగుతారా మీరంతా?" అన్నాడొకరోజు, ప్రశ్న అడిగానన్న సంగతి తనకే తెలీకుండా.

గౌరి మొహంలో నవ్వు పోయింది.

"వేటకెళ్ళే మనిషిని ఎప్పుడొస్తావని అడక్కూడదు హరీ. ఎక్కడికని కూడా అడక్కూడదు. మాకది అశుభం. మా యమ్మ పెళ్ళయిన కాణ్ణించి ఒక్కసారి అడగలేదు. ఎసరు పెట్టుకుని గుమ్మం కాడ కూకుంటాది, అంతే." టీ గ్లాసు పక్కకి జరిపి, "ఇంట్లో అడగనివ్వరు. అందుకే గావాల, ఇక్కడికొచ్చి అడగడం నేర్సుకుంతన్నాను" అంది.

ఆ నిమిషాన హరిచరణ్‌కి ఆ పిల్లంటే ప్రాణమైపోయింది. దాంతో పాటు అతని భయాల పట్టీలో ఇంకొకటి చేరింది. ఇష్టమని చెబితే కాదంటుందేమోనన్న భయం. చెప్పకపోతే ఎవడో చెప్పేస్తాడేమోనన్నది దాని తోబుట్టువు.

చెప్పలేదు. నెలరోజులు గడిచాయి. ఈలోగా జిల్లాలో ఒక రేడియో కేంద్రంలో అతన్ని ట్రైనీగా తీసుకున్నారు. వారానికి రెండుసార్లు పొద్దున్న వార్తలు చదివేవాడు. గౌరి వాళ్ళ పేటలో ఆడవాళ్ళు చేపలు ఆరబెట్టుకుంటూ వినేవారట. "మా యమ్మకి నువ్వంటే ఎంత గురో! ఆ బాబు సెప్తే నిజమే అంటాది" అంది గౌరి. హరి ఆ రోజంతా నేల మీద నడవలేదు.

*

అక్టోబరు ఆఖర్న ఒక బుధవారం లక్ష్ముడి బోటు వేటకెళ్ళింది. తండ్రీ కొడుకులతో కలిపి ఐదుగురు. గురువారానికి సముద్రంలో వాయుగుండం పట్టింది. కబురు తెలిసి మిగతా బోట్లన్నీ సాయంత్రానికి ఒడ్డెక్కాయి. లక్ష్ముడిది రాలేదు.

గౌరి బస్‌స్టాండ్ నుంచి హరికి ఒక్కడికే ఫోన్ చేసింది. "నాను ఊరెల్తన్నాను. నాన్నోళ్ళ బోటు రానేదంట. ఎవరికీ సెప్పకు హరీ, పైకంటే నిజమైపోతాదని బయ్యంగా ఉన్నాది."

ఆ గొంతులో వణుకు విన్నాక హరికి అన్నం దిగలేదు. మంచాన పడి ఫ్యాను చూస్తూనే ఉన్నాడు.

శుక్రవారం క్లాసుకి విశాలి మేడమ్ కొత్త పాఠంతో వచ్చింది. 

"పేపరాఫీసుల్లో ఒక పద్ధతుంది. ఫలితం తేలకముందే రెండు వార్తలూ రాసి పెట్టుకుంటారు. గెలిచాడని ఒకటి, ఓడాడని ఒకటి. బతికాడని ఒకటి, పోయాడని ఒకటి. ఏది నిజమైతే అది వాడతారు, రెండోది చించేస్తారు. వినడానికి కఠినంగానే ఉంటుంది. కానీ వార్త మన కన్నీళ్ళ కోసం ఆగదు. ఇవాళ ఇంకా తేలని సంగతేదైనా తీసుకుని రెండూ రికార్డు చేసి క్లాసు ఫోల్డర్‌లో పెట్టండి."

పిల్లలు ఎన్నికలన్నారు, క్రికెట్టన్నారు. హరిచరణ్ బుర్రలో తేలని సంగతి ఒక్కటే ఉంది. వేరేది రాద్దామని పెన్ను పట్టుకున్నా అదే వచ్చింది. మొదటిది చకచకా రాశాడు. స్టూడియోలో కూర్చుని, ఎర్ర లైటు వెలగగానే చదివాడు.

"కళింగపట్నం తీరం నుంచి వేటకు వెళ్ళి జాడ తెలియకుండా పోయిన లక్ష్ముడు, ఆయన కుమారుడు ఈశ్వర్, మరో ముగ్గురు మత్స్యకారులు క్షేమంగా బారువ తీరానికి చేరుకున్నారు. అందరి ఆరోగ్యం నిలకడగా ఉంది."

చదువుతుంటే అది నిజమైనట్టే ఉంది. ఇప్పుడు చివర్న 'ఇది అభ్యాస బులెటిన్' అనాలి. పెదవి దాకా వచ్చిన మాటను మింగేశాడు. అభ్యాసం అంటే అబద్ధమని కదా! ఆ మాట తన నోటితో అంటే అక్కడ సముద్రంలో నిజంగానే ఏదో అయిపోతుందని హడలు. మొదట్లో కూడా అందుకే అనలేదు. సున్నా వేస్తే వేసుకోనీ అనుకున్నాడు.

ఇక రెండోది. 'లక్ష్ముడు' అని రాశాడు. తర్వాతి మాట రాయడానికి చెయ్యి కదల్లేదు. గంటసేపు ఆ కాగితం ముందు కూర్చుని, చివరికి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొదటిదొక్కటీ ఫోల్డర్‌లో పడేసి హాస్టల్‌కి వచ్చేశాడు.

*

శనివారం తొమ్మిదింటికి వినోద్ తలుపు బాదాడు. వినోద్ హరికి క్లాస్‌మేటూ, రూమ్మేటూ, ఉన్న ఒకే ఒక్క స్నేహితుడూ. అక్క కూతురి ఫంక్షన్‌కని గురువారమే నరసన్నపేట వెళ్ళినవాడు, వానలో బైకు మీద ఇప్పుడే దిగాడు. బోటు సంగతి అతనొక్కడికే హరి ఫోన్‌లో చెప్పుకుని ఏడ్చాడు.

"ఒరే హరీ! లెగరా! గౌరోళ్ళ నాన్న దొరికేశాడు! బారువలో ఒడ్డెక్కారంట! ఐదుగురూ బాగున్నారంట!"

హరి మంచం మీంచి ఎగిరి దూకాడు. వినోద్‌ని వాటేసుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా రాలాయి. "నిజమా! దేవుడున్నాడ్రా! ఎవరు చెప్పారు నీకు?"

వినోద్ తెల్లబోయాడు. "ఎవరేటి? నువ్వే కదరా సెప్పావు! పొద్దున్న ఏడున్నరకి ఫోల్డర్ తీస్తే నీ వార్త ఉన్నాది. రేడియోలో సదివింది అక్కడ పెట్టావనుకున్నాను. వెంటనే గౌరికి పంపించేశాను."

హరిచరణ్‌ చేతులు వినోద్ భుజాల మీదే ఉండిపోయాయి.

"ఏటైందిరా?"

"అది డమ్మీరా" అన్నాడు. "డమ్మీ."

చార్జింగ్‌లో పెట్టిన ఫోన్‌కి నిన్న స్టూడియోలో రింగు ఆపి మళ్ళీ పెట్టడం మరిచాడు. తీస్తే గౌరి నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. చూస్తుండగానే పన్నెండోది వచ్చింది.

"హరీ! నీ నోట్లో పంచదార పొయ్యాల!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలీని గొంతు. వెనక డప్పులు, ఆడవాళ్ళ కేకలు. "మా యమ్మ రెండ్రోజులయి మంచినీళ్ళు ముట్టనేదు. నీ గొంతు విన్నాక ఇప్పుడే గంజి తాగింది. నాన్న ఫోన్ ఇంకా తగల్నేదు, తడిసిపోయుంటాది గావాల. నువ్వు సెప్పినావు కదా, సాలు. ఇంటన్నావా?"

"గౌరీ, అది..."

"ఆ! గట్టిగా సెప్పు, డప్పులు! తరవాత సేస్తాను!"

కట్ అయింది. మళ్ళీ చేస్తే ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. మెసేజ్ టైపు చేశాడు, 'మీ నాన్న దొరకలేదు' అని. డప్పుల మధ్య ఒక్కత్తీ నిలబడి ఆ ముక్క చదువుకుంటుందా? చెరిపేశాడు.

వినోద్ ఈలోగా విశాలి మేడమ్‌కి ఫోన్ కలిపాడు. అంతా విన్నాక కూడా ఆవిడ తిట్టలేదు. ఆ తిట్టకపోవడమే హరికి మరీ భయమేసింది.

"అధికారులకి నేను ఇప్పుడే చెప్తాను. పేటకి మాత్రం నువ్వు వెళ్ళు" అంది. "నీ గొంతుతో విన్నారు. కాదన్న మాట కూడా నీ గొంతుతోనే వినాలి. బయల్దేరు."

*

దారంతా వాన. వినోద్ వెనక కూర్చుని హరి ఫోన్ కలుపుతూనే ఉన్నాడు. ఎంగేజ్, ఎంగేజ్, తర్వాత స్విచ్చాఫ్. సింగుపురం దాటారు. సముద్రం దగ్గరపడేకొద్దీ గాలి బైకుని పక్కకి నెట్టేస్తోంది. తిరిగి వెళ్ళిపోదామని నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గుచేటు గానీ వచ్చింది. 'కొడతారు' అనుకున్నాడు. ఆ తర్వాత, 'కొడితే బాగుణ్ణు' అనుకున్నాడు.

పేటలో పండగలా ఉంది. గంగమ్మ గుడి దగ్గర కొబ్బరికాయలు పగులుతున్నాయి. ఆడవాళ్ళు పసుపునీళ్ళు పోస్తున్నారు. ఒడ్డున నాలుగు బోట్లు ఇసకలోకి లాగేసి ఉన్నాయి. వాటి ఇంజన్లు విప్పి పాకలోకి మోస్తున్నారు.

"అవెందుకు విప్పుతున్నారు?" హరి ఒక ముసలాయన్ని అడిగాడు. అడగడానికి ఈసారి భయం గుర్తు రాలేదు.

ఆయన పేరు అప్పలసూరి. పేటకి పెద్ద. "నిన్నంతా సముద్రం దిగనీనేదు. మనోళ్ళని ఎతకడానికి పొద్దున్న ఎనిమిదింటికి దింపుదారనుకున్నాం బాబూ. ఈలోగా రేడియోలో కబురొచ్చీసింది. సాయంత్రానికి గాలి రేగుతాదంట, మరింక బోట్లెందుకని లాగీసినాం."

హరిచరణ్‌ ఫోన్ చూసుకున్నాడు. టైము పదిన్నర దాటింది. తన మూలంగా రెండున్నర గంటలు పోయాయి. సాయంత్రం గాలి రేగితే వీళ్ళు సముద్రంలోకి దిగలేరు. ఆ ఐదుగురు ఇంకా ఉంటే, ఉన్న టైమంతా ఇదే.

"హరీ!"

గౌరి పరుగెత్తుకొచ్చింది. జుట్టు రేగిపోయి, కళ్ళు వాచిపోయి, ప్రపంచంలో ఇంత అందమైన పిల్ల ఉండదన్నట్టు నవ్వుతోంది. అందరూ చూస్తుండగా అతని రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా! ఈడేనే, రేడియో బాబు!"

అమ్మడు వచ్చి అతని నోట్లో బెల్లంముక్క పెట్టింది. "నీ కడుపు సల్లగుండ నాయనా!" అని బుగ్గలు పుణికింది.

బెల్లం నాలుక మీదే ఉండిపోయింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని హరికి తెలిసిపోయింది. బెల్లం ముక్క అరచేతిలోకి ఉమ్మేసి, రేడియోలో చదివే గొంతుతో, అందరికీ వినబడేలా అరిచాడు.

"ఆ వార్త అబద్ధం! నేనే రాశాను, కాలేజీలో పాఠం కోసం. మీ వాళ్ళు బారువ చేరలేదు. ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. బోట్లు దింపండి! దయచేసి బోట్లు దింపండి!"

డప్పు ఆగింది. అమ్మడు అలాగే కూలబడిపోయింది. ఎవరో కుర్రాడు హరి కాలరు పట్టుకున్నాడు. ఒక దెబ్బ పడింది, పెదవి చిట్లింది. వినోద్ అడ్డం రాబోయి ఇసకలో పడ్డాడు.

"ఒగ్గేయండ్రా ఆణ్ణి!" అప్పలసూరి కేక గాలిని మించి వినిపించింది. "తన్నడానికి రేపున్నాది. ఇంజన్లు బిగించండి, బేగి! బేగి!"

మనుషులంతా పాక వైపు ఉరికారు. ముసలాయన వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, హరికి వేలు చూపించాడు. "మనోళ్ళొచ్చిందాకా నువ్వీ ఇసక మీంచి కదిలినావంటే కాళ్ళిరగ్గొడతాను."

కదిలే ఓపిక ఎక్కడిది? గౌరి ఎదురుగా నిలబడి ఉంది. ఆ మొహంలో రక్తం చుక్క లేదు.

"ఎప్పుడు రాసినావు?"

"నిన్న. తేలని సంగతి మీద మంచీ చెడూ రెండు వార్తలు రాయమంది మేడమ్."

"అభ్యాస బులెటిన్ అని ఎందుకు అననేదు?"

"అంటే... నిజంగా అబద్ధమైపోతుందేమోనని."

"రెండోది ఏది? మేడమ్ రెండు రాయమన్నాది కదా. మంచిదొకటే రాయమననేదు."

అతను జేబులోంచి తడిసిన కాగితం తీసి ఇచ్చాడు. దాని మీద వాళ్ళ నాన్న పేరొక్కటే ఉంది. "రాయలేకపోయాను గౌరీ. నీ మొహం గుర్తొచ్చింది. చచ్చినా రాయలేకపోయాను."

గౌరి ఆ కాగితం చూసింది. చెయ్యి ఎత్తింది. కొడుతుందనుకుని హరి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆమె తల్లి దగ్గరికి వెళ్ళిపోతోంది.

*

పదకొండుకి నాలుగు బోట్లూ కెరటాలు దాటి వానలో కలిసిపోయాయి.

ఒడ్డున ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, నడుమ హరిచరణ్. వినోద్ పక్కనే కూర్చున్నాడు. పన్నెండయింది. ఒంటిగంటయింది. ప్రతి కెరటమూ ఒక పడవలా కనబడి విరిగిపోతోంది. హరి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాడు. తన గొంతు తీసేసుకో గానీ వాళ్ళని ఇచ్చెయ్యమన్నాడు. ఆ బేరం విని గంగమ్మ తల్లి నవ్వుకుందో ఏమో, గాలి ఇంకాస్త పెంచింది.

రెండింటప్పుడు అమ్మడు లేచి అతని దగ్గరికొచ్చి కూర్చుంది. తిడుతుందనుకున్నాడు. ఆవిడ సముద్రం వైపే చూస్తూ, మెల్లిగా అంది.

"బాబూ, ఆ వార్త మళ్ళీ ఒక్కసారి సదువుతావా?"

హరి తల అడ్డంగా ఊపాడు. "అది అబద్ధమమ్మా."

"తెలుసు నాయనా. అబద్ధమే గానీ ఇంటన్నంతసేపు కడుపులో మంట సల్లారింది."

చదివేస్తే ఏం పోయింది? ఆ తల్లికి రెండు నిమిషాలు ఊరట. పక్కన గౌరి చూస్తోంది. అతను ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాడు. "చదవనమ్మా. మీరు నన్ను కొట్టండి, చంపండి. ఇంకోసారి మీకు అబద్ధం చెప్పలేను. ఇక్కడే కూర్చుంటాను, మీతో పాటే."

అమ్మడు అతని భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. రెండు రోజులుగా ఆవిడ కళ్ళలోంచి చుక్క రాలేదని తర్వాత ఎవరో చెప్పారు.

మూడుంపావుకి గౌరి లేచి నిలబడింది. 

"బోట్లు!"

ఒకటి, రెండు, మూడు. నాలుగోది వెనకబడింది. దాని వెనక తాడు కట్టి ఉంది. తాడు చివర తెల్లటి ఫైబర్ బోటు. 

ఎవరూ అరవలేదు. అందరూ తలలు లెక్కబెడుతున్నారు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు. హరి మళ్ళీ లెక్కబెట్టాడు. నలుగురే. అప్పుడు బోటు కెరటం మీదికి లేచింది. మధ్యలో వలల మీద పడుకున్న ఐదో మనిషి చెయ్యెత్తి ఊపాడు.

"ఈశ్వరన్న!" అని గౌరి నీళ్ళలోకి పరుగెత్తింది.

పేట పేటంతా పరుగెత్తింది. హరిచరణ్ మాత్రం లేవలేదు. కదలొద్దన్నారు కదా! ఇసకలో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

*

ఇంజను చెడిపోయిందట. లంగరు తాడు తెగి దక్షిణం వైపు కొట్టుకుపోయారట. ఈశ్వర్ కాలు బెణికింది. మంచినీళ్ళు నిన్ననే అయిపోయాయి. గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గంజి తాగుతున్న లక్ష్ముడి ముందుకి హరిని లాక్కొచ్చి నిలబెట్టారు.

"ఈడేనా నన్ను బారువ పంపినోడు?"

"నేనేనండి" అన్నాడు హరి తల వంచుకుని.

"బారువలో నాకు అన్నం పెట్టించినావా, ఒట్టి ఒడ్డెక్కించి ఒగ్గీసినావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. లక్ష్ముడు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు. 

"ఆ మబ్బు సూడు. ఇంకో గంటాలస్యమైతే మనిషికి మనిషి కనబడడు. మా బోటు పక్క నుంచి ఎల్లినా సూసీవోళ్ళు కాదు. తప్పు సేసినావు, సానా పెద్ద తప్పు. కానీ ఊరంతా సంబరాలాడతంటే మద్దిన నిలబడి కాదని సెప్పినావంట. నానైతే సెప్పలేకపోదును" అన్నాడు. తర్వాత కూతురి వైపు చూసి, కావాలని పక్కకి తిరిగి, "గౌరీ, ఆ గుంటడికి మూతి కడుక్కోడానికి నీళ్ళివ్వు. రగతం కారతన్నాది" అన్నాడు.

గౌరి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఇద్దరూ ఇసకలోకి లాగిన బోటు చాటున నిలబడ్డారు. వాన సన్నబడింది. ఆమె పైటకొంగు తడిపి అతని పెదవి తుడిచింది, అక్కర ఉన్నదానికన్నా కాస్త గట్టిగానే.

"అబ్బా!"

"నొప్పుట్టాల. పొద్దున్న నాకెంత పుట్టిందో తెలుసా నీకు?"

"సోమవారం రేడియోలో చెప్పేస్తాను గౌరీ. తప్పు నాదని పేరుతో సహా చెప్తాను. మానిపించేస్తారు, మానిపించనీ. మేడమ్ సున్నా వేస్తుంది, వెయ్యనీ. నువ్వు మాత్రం..." అని ఆగిపోయాడు.

"నేను మాత్రం ఏటి?"

"ఏమంటావోనని చచ్చేంత భయంగా ఉంది."

గౌరి కొంగు పిండుకుంది. అతని వైపు చూడకుండా మాట్లాడింది. "పొద్దున్న నీ గొంతు ఇన్నప్పుడు, నాన్న బతికినాడన్న సంతోషం ఒక్కటే రానేదు హరీ. ఆ మాట సెప్పింది నువ్వని ఇంకో సంతోషం వచ్చింది. నేనూ జర్నలిజమే సదువుతన్నాను కదా, నేనూ ఎవర్నీ అడిగి సూసుకోనేదు. నువ్వు సెప్తే ఇంకేటి అడగాల అనుకున్నాను. అందుకే కోపం కూడా రెండింతలొచ్చింది. ఒకటి నాన్న కోసం. ఒకటి నీకోసం."

హరిచరణ్ బోటు అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"నన్ను ఏడిపించకుండా ఉంచాలని అబద్ధం సెప్పావనుకో, నీకూ నాకూ సెల్లు" అంది. "ఏడుపొచ్చే నిజమైనా నాకు సెప్పాల. సెప్తావా?"

"చెప్తాను."

"బయ్యమేసినా?"

"వేసినా."

"అయితే ఇప్పుడొకటి సెప్పు సూద్దారి. నిజం. ముందూ వెనకా రూల్లేటీ నేకుండా."

గాలి హోరుమంటోంది. కుక్కని చూసినా, లిఫ్టెక్కినా హరిచరణ్ ఇంత భయపడలేదు. 

"నువ్వంటే నాకు ప్రాణం గౌరీ" అన్నాడు. గొంతు కీచుమంది. రేడియోలో ఎవడూ ఉద్యోగం ఇవ్వని గొంతు అది.

గౌరి పెదవి కొరుక్కుంది. నవ్వాపుకోవడానికి చాలా కష్టపడింది. 

"ఇందులో ఏడుపొచ్చేదేటున్నాదిరా?" అంటూనే ఆ పిల్ల ఏడ్చేసింది. ఏడుస్తూనే చెంబు కింద పడేసి, ఇసక అంటిన రెండు చేతులతో అతని మొహం పట్టుకుంది.